ముందు పొట్టా, ముందు కండా? టైలర్ టేపుతో తేల్చుకోండి

మా నాన్న టైలరు. తెనాలిలో నలభై ఏళ్ళు ప్యాంట్లు, చొక్కాలు కుట్టాడు. అదే వీధిలో, మేడ మీద, నేను పదమూడేళ్ళుగా చిన్న జిమ్ము నడుపుతున్నాను. ఆయన మెళ్ళో ఎప్పుడూ వేలాడే టేపు ఇప్పుడు నా మెళ్ళో వేలాడుతుంది. కొత్తగా చేరేవాళ్ళు మొదట ఫీజు ఎంతని అడుగుతారు. ఆ తర్వాత అడిగేది ఇదే: "అన్నా, ముందు పొట్ట తగ్గించాలా, బాడీ పెంచాలా?"

ఈ ప్రశ్నకి నేను తప్పు జవాబు విని రెండేళ్ళు పోగొట్టుకున్నాను. ముందు అది చెప్తాను.

నాకప్పుడు 24 ఏళ్ళు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 62 కిలోలు. చేతులు పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం చొక్కా గుండీల్ని ముందుకు నెట్టేది. అప్పుడు వెళ్ళిన జిమ్ములో ట్రైనరు నన్ను పైనుంచి కిందికి చూసి "సన్నగా ఉన్నావ్, బల్క్ చెయ్" అన్నాడు, అంటే బాగా తిని బరువు పెంచమని. రోజుకి ఎనిమిది అరటిపళ్ళు, లీటరు పాలు, రెండు పూటలా నెయ్యన్నం. ఏడు నెలల్లో 75 కిలోలకి వచ్చాను. పొట్ట 38 అంగుళాలు. అది చూసి ఆయనే "ఇప్పుడు కటింగ్" అన్నాడు, అంటే కొవ్వు తగ్గించడం. మజ్జిగ, కీరదోసకాయ, రోజూ గంటసేపు ట్రెడ్‌మిల్. బరువులు ముట్టుకోవడం మానేశాను. మళ్ళీ 61కి దిగాను. అద్దంలో చూస్తే మొదట్లో ఉన్న మనిషే, కాకపోతే కాస్త నీరసంగా.

ఈ రెండేళ్ళలో నాన్న నా ప్యాంటు నడుం రెండుసార్లు విప్పి కుట్టాడు, రెండుసార్లు పట్టి కుట్టాడు. ఒకరోజు కొలతల పుస్తకం తీసి నా పేరున్న పేజీ చూపించాడు. నడుం అంకెలు కొట్టేసి కొట్టేసి ఉన్నాయి. భుజం దగ్గర మాత్రం ఒకటే అంకె: పదహారున్నర. "ఇదేంట్రా, కటింగ్ అంటున్నావు? గుడ్డ ఉంటే కదా కట్ చేసేది" అన్నాడు. ఆయనకి జిమ్ము గురించి ఏమీ తెలియదు. కానీ ఆ మాట ఇప్పుడు నేను నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి చెప్తుంటాను.

సరే, మీ సంగతి. ముందు బరువు చూసే యంత్రాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఒంట్లో కొవ్వు శాతం చెప్పే యంత్రాన్నీ పక్కన పెట్టండి. అది కాళ్ళ గుండా చిన్న కరెంటు పంపి, ఒంట్లో నీటిని బట్టి లెక్క కడుతుంది. రెండు గ్లాసుల నీళ్ళు తాగాక ఒక అంకె, చెమట కార్చాక ఇంకో అంకె. దాన్ని చూసి ఏడ్చినవాళ్ళనీ చూశాను, పార్టీ ఇచ్చినవాళ్ళనీ చూశాను.

టేపు తీసుకోండి. పొద్దున్నే, కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు. చొక్కా తీసేసి నిటారుగా నిలబడి, మామూలుగా ఊపిరి వదిలి, బొడ్డు దగ్గర చుట్టూ కొలవండి. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. పొట్ట లోపలికి పీల్చకండి. అక్కడ మిమ్మల్ని చూసేవాళ్ళెవరూ లేరు.

"నా ప్యాంటు సైజు 34 అన్నా" అని చాలామంది కొలత మానేస్తారు. ప్యాంటు సైజు పొట్ట కొలత కాదు. పొట్ట పెరిగేకొద్దీ మగవాళ్ళు ప్యాంటు కిందికి దించి కట్టుకుంటారు. బెల్టు పొట్ట కింద ఉంటుంది, పొట్ట బెల్టు మీద ఉంటుంది. 34 ప్యాంటు వేసుకుని బొడ్డు దగ్గర 40 ఉన్నవాళ్ళు మా నాన్న పుస్తకంలో పేజీకి ఇద్దరు ఉండేవారు.

ఇప్పుడు మీ ఎత్తుని అంగుళాల్లోకి మార్చి సగం చేయండి. 5 అడుగుల 7 అంగుళాలు అంటే 67, సగం 33న్నర. బొడ్డు దగ్గర కొలిచిన నడుం ఆ సగం లోపల ఉండాలి. ఇంకో గీత కూడా ఉంది. మన దేశపు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళాలు. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర. ఇది దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. యూరప్ మగవాళ్ళకి పెట్టిన గీత ఇంతకన్నా పైన ఉంటుంది. మనకి ఎందుకు తగ్గించారో అర్థం కావాలంటే ఒక ఫోటో గురించి తెలియాలి. పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క, ఒకటే: 22.3. కానీ ఒంట్లో కొవ్వు ఆ తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. బరువు చూస్తే ఇద్దరూ బక్కవాళ్ళే. మన ఒళ్ళు ఆ తీరున కట్టి ఉంటుంది: కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట దగ్గరే. అందుకే ఎక్కడో అమెరికా కుర్రాడు వీడియోలో చెప్పే బల్కింగ్ నాలాంటివాడికి పనిచేయదు.

కొలత వచ్చింది కదా. ఇక నేను వాడే పద్ధతి. ఇది శాస్త్రం రాసిన గీత కాదు, మా మేడ మీద పదమూడేళ్ళ అనుభవంలో కుదిరిన గీత.

నడుం సగం ఎత్తు కన్నా నాలుగు అంగుళాలు, ఆపైన ఎక్కువ ఉంటే ముందు కొవ్వు. ఆలోచించాల్సిన పనే లేదు. మొన్న ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు, 5 అడుగుల 6 అంగుళాలు, 84 కిలోలు, బొడ్డు దగ్గర 41. ఆయనకి "ముందు చేతులు పెంచుదాం" అని చెప్తే అది మోసం. రోజుకి సుమారు 500 క్యాలరీలు తగ్గిస్తే వారానికి దాదాపు అర కిలో దిగుతుంది. అవెక్కడ దొరుకుతాయని కంగారు పడక్కర్లేదు. మధ్యాహ్నం మారు వడ్డన మానేస్తే, అంటే 75 గ్రాముల బియ్యం తగ్గితే, 260. వేపుడులో ఒక పెద్ద చెంచా నూనె తగ్గితే 120. మూడు టీల్లో రెండేసి చెంచాల పంచదార మానితే ఇంకో 100. అయిపోయింది. ఉపవాసాలు, రాత్రిపూట ఒట్టి సూపులు అక్కర్లేదు. వారానికి కిలో కన్నా వేగంగా దిగడం మొదలైతే నేనే ఆపుతాను, ఎందుకంటే ఆ వేగంలో పోయేది కొవ్వొక్కటే కాదు.

ఆయన చేత బరువులు కూడా ఎత్తిస్తున్నాను. నా కటింగులో జరిగిన తప్పు ఇదే. తిండి తగ్గించి, బరువులు మానేసి, నడక మీద పడితే ఒళ్ళు కొవ్వుతో పాటు కండని కూడా వదిలించుకుంటుంది. వాడని కండని మోయడం ఒంటికి దండగ.

నడుం సగం లోపలే ఉండి, భుజాలు హ్యాంగరుకి తగిలించిన చొక్కాలా ఉంటే ముందు కండ. ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడు, 5 అడుగుల 9 అంగుళాలు, 54 కిలోలు, నడుం 27. "సిక్స్ ప్యాక్ కావాలన్నా" అన్నాడు. వాడికి తగ్గించడానికి ఏముంది? రోజూ తినేదానికి పైన ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేరుశెనగలు కలపమన్నాను. అవి రెండూ కలిపి 300 క్యాలరీలు. నెలకి అర కిలో నుంచి కిలో పెరిగితే చాలు. నాలాగా నెలకి రెండు కిలోలు పెరిగితే అందులో ఎక్కువ భాగం పొట్టకే పోతుంది. నడుం రెండంగుళాలు పెరిగిందంటే అక్కడ ఆపి, తిండి కాస్త వెనక్కి లాగాలి.

అసలు చిక్కు మధ్యలో ఉన్నవాళ్ళది. చేతులు సన్నం, పొట్ట ముందుకి. నడుం సగం కన్నా ఎక్కువే, కానీ ఆ ఎక్కువ నాలుగంగుళాల లోపే. బీఎంఐ చూస్తే బాగానే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే మగవాళ్ళలో వీళ్ళే ఎక్కువ, నేనూ వీళ్ళలో ఒకణ్ణే. తగ్గిస్తే పుల్లలవుతారు, పెంచితే కుండలవుతారు. వీళ్ళకి నా జవాబు: రెండిట్లో ఏదీ ఎంచుకోకండి. ఆరు నెలలు తిండి పెంచొద్దు, పెద్దగా తగ్గించొద్దు. బరువులెత్తడం మొదలుపెట్టండి, ప్రోటీన్ సరిచేయండి. ఎప్పుడూ బరువులెత్తని ఒంటికి ఒక సౌలభ్యం ఉంది: అది ఒకే సమయంలో కొవ్వుని ఖర్చు పెట్టి, కండని కట్టుకోగలదు. రెండు మూడేళ్ళు గట్టిగా చేసినవాడికి ఇది బాగా నెమ్మదిస్తుంది. వాడు మాత్రం ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే. కొత్తవాడికి ఆ ప్రశ్నే రాదు. ఈ ఆరు నెలల్లో యంత్రం మీద బరువు అస్సలు కదలకపోవచ్చు. అక్కడే చాలామంది టెన్షన్ పడి మానేస్తారు. 66 కిలోలే ఉండి, నడుం 36 నుంచి 34కి వచ్చి, చొక్కా భుజాల దగ్గర బిగుసుకుంటే అది ఓటమి కాదు కదా.

ప్రోటీన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కంచంలో లోటు అక్కడే. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు చాలు. బరువులెత్తి కండ కట్టాలంటే 1.6 దాకా తీసుకోవడం మంచిది. 65 కిలోల మనిషికి 104 గ్రాములు. "నేను రోజూ పప్పు తింటాను కదా" అంటారు. మీ వాటాకి వచ్చే కందిపప్పు 30 గ్రాములుంటే అందులో ప్రోటీన్ ఆరేడు గ్రాములే. మరి వంద ఎలా? మూడు గుడ్లు 18, చికెన్ పచ్చిది 150 గ్రాములు 33, పప్పు 7, పెరుగు 200 గ్రాములు 7, వేరుశెనగలు 30 గ్రాములు 7, గ్లాసు పాలు 6, రోజు మొత్తానికి 250 గ్రాముల బియ్యంలో ఇంకో 17. మొత్తం 95. పౌడరు డబ్బా లేకుండానే దాదాపు వచ్చేసింది. శాకాహారులకి నేను చెప్పేది మీల్ మేకర్. ఎండువి 50 గ్రాములు నానబెట్టి కూర వండితే 25 గ్రాములు దాటుతుంది. రుచి అంతంతమాత్రం, నిజమే. అల్లం వెల్లుల్లి గట్టిగా వేయండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు. షుగరుకి మందులు వాడేవాళ్ళు తిండి తగ్గించే ముందు కూడా అడగాలి.

ఎత్తడం అంటే వారానికి మూడు రోజులు, రోజుకి ముప్పావు గంట. బస్కీలు, దండీలు మన తాలింఖానాల నుంచి ఉన్నవే. బస్కీలకి భుజం మీద బరువు పెట్టండి. నేల మీంచి ఎత్తేది ఒకటి, నెత్తి పైకి ఎత్తేది ఒకటి, ముందుకి వంగి లాగేది ఒకటి. ఒక్కోటి మూడు విడతలు, విడతకి ఎనిమిది నుంచి పన్నెండు. పన్నెండు తేలిగ్గా వచ్చినరోజు రెండున్నర కిలోలు కలపండి. పుస్తకంలో రాసుకోండి. మూడు నెలల కింద 20 ఎత్తినవాడు ఇప్పుడూ 20 దగ్గరే ఉంటే కండ పెరగలేదనే అర్థం, అద్దం ఏం చెప్పినా సరే.

ఆడవాళ్ళు ఈ ప్రశ్న వేరే మాటల్లో అడుగుతారు: "బరువులెత్తితే మగాడిలా అయిపోతానేమో?" అవ్వరు. అంత కండ కట్టడానికి కావలసిన హార్మోను ఆడవాళ్ళలో చాలా తక్కువ. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అది ఏళ్ళ తరబడి చేసిన సాధన. మీరెత్తే ఐదు కిలోల డంబెల్ మిమ్మల్ని ఏమీ చేయదు. మా వీధిలోనే ఒకావిడ, 44 ఏళ్ళు, 54 కిలోలు, అందరూ సన్నగా ఉన్నావంటారు. 5 అడుగుల 1 అంగుళం మనిషికి నడుం 34. అంటే ఆవిడ కూడా మధ్యలోవాళ్ళే. రాత్రి చపాతీలు ఇంకా తగ్గిస్తానన్నారు. వద్దన్నాను. రెండు గుడ్లు, కప్పు పెరుగు కలిపి, మెట్లు ఎక్కడానికి కాళ్ళలో బలం తెచ్చే పని మొదలుపెట్టాం.

పెళ్ళికి నెల ముందు వచ్చేవాళ్ళ గురించి ఒక్క మాట. ముహూర్తాల సీజన్లో నా దగ్గర ఫీజు పుస్తకం నిండిపోతుంది. నెలలో కండ రాదు. రెండు కిలోలు తగ్గుతారు, మొహం తేటపడుతుంది, అంతే. షేర్వానీ కొలత ఇచ్చేశాక మాత్రం తగ్గకండి, లేకపోతే మా నాన్నలాంటి వాళ్ళకి మళ్ళీ పని. అలాగే సంక్రాంతికి వారం ముందు తిండి తగ్గించడం మొదలుపెట్టొద్దు. అరిసెలతో గొడవ పెట్టుకుని గెలిచినవాణ్ణి నేను చూడలేదు. పండగయ్యాక మొదలుపెట్టండి.

కొలత రెండు వారాలకి ఒకసారి చాలు, నిర్ణయం మాత్రం పన్నెండు వారాలు నిండకముందు మార్చుకోవద్దు. మొదటి రకంవాళ్ళు నడుం సగానికి అంగుళం దగ్గరకి రాగానే తిండి తగ్గించడం ఆపి మధ్యవాళ్ళలో కలవొచ్చు. మధ్యవాళ్ళు ఆరు నెలలయ్యాక మళ్ళీ కొలుచుకుంటే, నడుం సగం లోపలికి వచ్చినవాళ్ళకి తిండి పెంచే వంతు వస్తుంది.

టేపు మాత్రం కొత్తది కొనండి, టైలరింగ్ సామాను అమ్మే కొట్లో పదీ ఇరవైకి వస్తుంది. పాత గుడ్డ టేపులు సాగిపోతాయి. నాన్న ఏటా ఉగాదికి టేపు మార్చి, స్టీలు స్కేలు పక్కన పెట్టి చూసుకునేవాడు. ఒకసారి మా జిమ్ములో ఒకాయన రెండు వారాల్లో అంగుళంన్నర తగ్గానని అందరికీ స్వీట్లు పంచాడు. ఆయన ఇంట్లో కొలుచుకున్న టేపు వాళ్ళమ్మగారి కుట్టు మిషను పెట్టెలోది.