ముగ్గురే వాయించే జాజ్ ఆల్బమ్ ఎట్లా వినాలి

నేను నల్లగొండలో పెళ్లిళ్లకు, గణపతి మండపాలకు కీబోర్డు వాయిస్తాను. జాజ్ (అమెరికాలో పుట్టిన, అప్పటికప్పుడు కల్పించుకుంటూ వాయించే సంగీతం) వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నా అని అడిగే తమ్ముళ్లకు నేను ముందు చెప్పేది ‘దీజ్ ఆర్ ద విస్టాస్’ ఆల్బమ్. ద బ్యాడ్ ప్లస్ అనే అమెరికా ట్రయో, అంటే ముగ్గురి బృందం, 2003లో తెచ్చింది. ఇందులో ఈథన్ ఐవర్సన్ పియానో, రీడ్ ఆండర్సన్ బేస్, డేవిడ్ కింగ్ డ్రమ్స్. పాడేవాళ్లు లేరు, గిటార్ లేదు. పది ట్రాకుల్లో ఏడు సొంతవి, మూడు వేరేవాళ్ల పాటలు.

వరసగా వినకండి. నిర్వాణ బ్యాండ్ 1991 నాటి పాట ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ ఇందులో ఉంది. ముందు ఆ అసలు పాట వినండి, కూనిరాగం తీసేటంతగా. మాటలు అర్థం కాకున్నా ఫర్వాలేదు. గిటార్ మీద తిరిగే నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు), పాడే ట్యూన్ చెవిలో నిలిస్తే చాలు.

ఇప్పుడు ట్రయో వాయించింది పెట్టండి. పియానో ట్యూన్ అందుకుంటుంది, తర్వాత దాన్ని వదిలి అప్పటికప్పుడు కల్పించుకుంటూ పోతుంది. ఒగ్గుకథ చెప్పే ఆయన కథ ఆపి ఊరి ముచ్చటలోకి పోయి, మళ్లీ కథలోకి వస్తాడు చూడండి, అట్లా. ఎక్కడ వదిలారు, ఎక్కడ కలిశారు అన్నదే మీరు పట్టుకోవాల్సింది.

రెండోసారి బేస్ ఒక్కటే వినండి. మనకు కష్టమైంది ఇదే. మన ఆర్కెస్ట్రాల్లో బేస్ చాలాసార్లు కీబోర్డు ఎడమచేతి పని, లేదంటే రిథమ్ ప్యాటర్న్‌లోనే వచ్చేస్తుంది. అందుకే దాని వెనక ఒక మనిషి ఉన్నాడని మన చెవికి తట్టదు. ఆండర్సన్ వాయించేది మనిషంత ఎత్తుండే డబుల్ బేస్. దాని కింది తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్‌లో ఆ అడుగు స్వరం రానే రాదు, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. హైదరాబాద్ బస్సులో ఇంజిన్ మోత దాన్ని మింగేస్తుంది. పొద్దున్నే పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీద కూర్చుంటే బాగా దొరుకుతుంది. పియానో ట్యూన్ వదిలి దూరం పోయినప్పుడు బేస్ ఏం చేస్తోందో చూడండి. కీబోర్డు వాళ్లు నేర్చుకోవాల్సింది అక్కడ చాలా ఉంది.

మూడోసారి డ్రమ్స్. తొడ మీద తాళం వేయండి. తప్పితే చెయ్యి ఆపండి, ట్యూన్ తిరిగొచ్చినప్పుడు కలపండి.

మంచి పాటను పాడుచేశారని కొందరంటారు. నేను ఒప్పుకోను. రాక్, పాప్ పాటలంటే వీళ్లకు చిన్నచూపు లేదు, అందుకే అంత బలంగా వాయించారు. బ్లాండీ బ్యాండ్ డిస్కో పాట ‘హార్ట్ ఆఫ్ గ్లాస్’, ఎఫెక్స్ ట్విన్ అనే సంగీతకారుడి ఎలక్ట్రానిక్ ట్రాక్ ‘ఫ్లిమ్’ కూడా ఇదే పద్ధతిలో, అసలుది ముందు విని వినండి.

సొంత ట్రాకులు ఆ తర్వాతే. చివరిదైన ‘సైలెన్స్ ఈజ్ ద క్వశ్చన్’ చాలా మెల్లగా మొదలై పెద్దదవుతూ పోతుంది. మొదట్లో వినపడట్లేదని సౌండ్ పెంచకండి, చివరికొచ్చేసరికి చెవులు నొస్తాయి.