వికీపీడియాలో సాఫ్ట్‌వేర్ వ్యాసం బ్రోచర్‌లా ఉందా? ముందు చరిత్ర ట్యాబ్ నొక్కండి

లక్షణం: వ్యాసం నిండా "సమగ్ర వేదిక", "అత్యాధునిక పరిష్కారం". మధ్యలో ఎక్కడో "మీ వ్యాపారానికి" అని పాఠకుడితోనే మాట్లాడేస్తుంది. పైన ప్రకటనలా ఉందన్న మూస (హెచ్చరిక పెట్టె) ఏళ్ల తరబడి వేలాడుతూ ఉంటుంది.

అందరూ చేసేది ఒకటే, విశేషణాలు కొట్టేసి మూస తీసేయడం. బాబూ, చరిత్ర ట్యాబ్ నొక్కి మొట్టమొదటి కూర్పు చూడండి, అర నిమిషం పని. పేజీ మొత్తం ఒకే దిద్దుబాటులో, ఒక్క మూలం లేకుండా, ఉపశీర్షికలతో సహా దిగిపడి ఉంటే అది ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చిందేమోనని అనుమానించండి.

అసలు దొంగ కారణం: కంపెనీ ఇంగ్లిష్ పేజీని అనువదించి పెట్టడం. నేను దెబ్బతిన్నది ఇక్కడే. బెంగళూరు మారతహళ్లి రూములో కూర్చుని ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వ్యాసం మీద రెండు ఆదివారాలు పోశాను, ఇయర్‌విగ్ కాపీ పట్టే టూల్‌లో వేస్తే ఏమీ దొరకలేదు కాబట్టి కాపీ కాదులే అనుకున్నాను. తర్వాత ఆఫీసులో అదే సాఫ్ట్‌వేర్ కొందామా అన్న చర్చ వచ్చి కంపెనీ సైటు తెరిస్తే, అవే ఆరు ఉపశీర్షికలు, అదే వరుసలో! ఆ టూల్ పోల్చేది పదాల వరుసల్ని. తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ పేజీతో పోలిస్తే దానికేం దొరుకుతుంది, సున్నా చూపించి ఊరుకుంటుంది.

అందుకే అనుమానం వచ్చిన వాక్యాన్ని మీరే ఇంగ్లిష్‌లోకి తిప్పి, సాఫ్ట్‌వేర్ పేరు చేర్చి వెతకండి. "అతుకులు లేని అనుభవం" (ఇంగ్లిష్ "సీమ్‌లెస్ ఎక్స్‌పీరియన్స్"కి మక్కికి మక్కి) అని కనిపిస్తే ఇంకా తేలిక, తెలుగులో అతుకులు బట్టకుంటాయి గానీ అనుభవానికి ఉండవు కదా.

పరిష్కారం: దొరికిందా, మెరుగులు దిద్దొద్దు. 1957 కాపీరైటు చట్టం 14వ సెక్షన్ ప్రకారం అనువదించే హక్కు కూడా హక్కుదారుడిదే, కాబట్టి పొగడ్తలు తీసేసినా మిగిలేది వాళ్ల రచనే. ఆ భాగం మొత్తం తీసేయండి, మూలం లింకు చర్చ పేజీలో పెట్టండి, పాత కూర్పుల్ని దాచమని నిర్వాహకులను అడగండి. తర్వాత కంపెనీతో సంబంధం లేని మూలాలు పెట్టుకుని కొత్తగా రాయండి: ఎవరు మొదలుపెట్టారు, ఏ లైసెన్సు, ఎవరు వాడుతున్నారు, ఏ విమర్శలు వచ్చాయి. అలాంటి మూలాలతో మూడు వాక్యాలే వస్తే మూడే ఉంచండి.

ఇంగ్లిష్ వికీ నుంచి అనువదించామంటే? లైసెన్సు ఒప్పుకుంటుంది, ఎక్కడి నుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో రాయాలంతే. కానీ ఆ ఇంగ్లిష్ వ్యాసం ఇంకా ఉందో లేదో చూడండి, కాపీ అని అక్కడ తీసేసినది మన దగ్గర హాయిగా బతికేస్తుంటుంది.

మిగతావి అరుదు. కంపెనీయే వికీ నుంచి కాపీ కొట్టిందేమో అంటే పాత వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో తేదీలు చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. ఓపెన్ సోర్స్ కదా అంటారు కొందరు, కోడ్ లైసెన్సు వేరు, సైటులోని రాత లైసెన్సు వేరు. అనుమతి ఉందంటే వికీ అనుమతుల బృందానికి హక్కుదారే ఈమెయిల్ పంపాలి, అది వచ్చాక కూడా ప్రకటన ప్రకటనే. రాసింది కంపెనీ జీతగాడైతే ఆ సంగతి చెప్పి తీరాలని వికీమీడియా నిబంధనల్లో 2014 నుంచీ ఉంది, వాడుకరి చర్చ పేజీలో మర్యాదగా అడగండి.