బైబిల్లోని అవిధేయ రాజుల నుంచి నాయకత్వం ఎలా నేర్చుకోవాలి?

దావీదు మీద ప్రసంగాలకు కొదవ లేదు. సౌలు, రెహబాము, యెహోయాకీము దగ్గరికి వచ్చేసరికి ‘చెడ్డ రాజు’ అని ముద్ర వేసి ముందుకు వెళ్లిపోతాం. సంఘ పెద్దలకు, యువజన బాధ్యులకు, ఆఫీసులో పదిమందిని నడిపించేవారికి పనికొచ్చే సంగతులు నిజానికి వీరి చరిత్రలోనే ఎక్కువ. ఎందుకంటే వీరిలో కొందరు మొదట చెడ్డవారు కారు. ఇశ్రాయేలుకు మొదటి రాజుగా ఎన్నికైన రోజున సౌలు సామానుల మధ్య దాక్కున్నాడు. పదవి కోసం పాకులాడినవాడు కాడు. అలాంటివాడు ఎక్కడ జారాడు? అది కనిపెట్టాలంటే చదివే తీరు కొద్దిగా మార్చుకోవాలి. ఒంటరిగా చదివినా, బృందంగా చదివినా ఈ వరుస పనికొస్తుంది.

1. ముందు కొలబద్ద చేతిలో పెట్టుకోండి

రాజుల గ్రంథాలు తెరవక ముందే ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం, 14 నుంచి 20 వచనాలు చదవండి. రాజు గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను విస్తారంగా పోగుచేసుకోకూడదు. ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకొని బతికినన్నాళ్లూ చదవాలి, తన సహోదరులకంటే తాను గొప్పవాడినని అనుకోకూడదు.

ఇప్పుడు 1 రాజులు 10వ అధ్యాయం తీయండి. ఏటా 666 తలాంతుల (ఆనాటి తూకపు కొలత) బంగారం, 1,400 రథాలు, ఐగుప్తు నుంచి తెప్పించిన గుర్రాలు. వరుసగా చదువుకుంటూ పోతే సొలొమోను వైభవం చూసి కళ్లు చెదురుతాయి. కొలబద్ద పక్కన ఉంటే మాత్రం ప్రతి వాక్యమూ ఒక ఉల్లంఘనే. 11వ అధ్యాయంలో 700 మంది భార్యల ప్రస్తావన వచ్చేసరికి మూడో హద్దు కూడా దాటేశాడు. గ్రంథకర్త ఎక్కడా గొంతు పెంచడు. లెక్క కట్టే పని చదివేవారికే వదిలేస్తాడు.

2. మొదటి సాకు దగ్గర ఆగండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. 1 సమూయేలు 13వ అధ్యాయం. ఫిలిష్తీయులు మిక్మషులో దిగారు. ఇశ్రాయేలీయులు గుహల్లో, పొదల్లో దాక్కుంటున్నారు. నేను వచ్చి బలులు అర్పించేదాకా ఆగమని ప్రవక్త సమూయేలు పెట్టిన గడువు ప్రకారం సౌలు గిల్గాలులో ఏడు రోజులు ఆగాడు. సమూయేలు రాలేదు, సైన్యం చెదిరిపోతోంది. చివరికి సౌలే దహనబలి అర్పించాడు. అది పూర్తి కావడమూ సమూయేలు రావడమూ ఒక్కసారే జరిగాయి.

సౌలు చెప్పిన కారణాలు మూడు: జనం వెళ్లిపోతున్నారు, నీవు వేళకు రాలేదు, శత్రువు కూడుకున్నాడు. మూడూ నిజమే! అందుకే ఈ ఘట్టం విలువైనది. అబద్ధపు సాకును ఎవరైనా పట్టుకుంటారు, నిజమైన కారణాలు సాకుగా మారినప్పుడే నాయకుడు తనకు తెలియకుండానే దారి తప్పుతాడు. ఒక కాగితం మీద ఎడమవైపు ఆ కారణాలు రాయండి, కుడివైపు అతనికి అందిన ఆజ్ఞ రాయండి. తర్వాత ఇటీవల మీరు నియమం పక్కనపెట్టి తీసుకున్న నిర్ణయం ఒకదాన్ని అదే పద్ధతిలో రాసి చూడండి.

3. నింద ఎవరి మీద పడుతోందో గమనించండి

1 సమూయేలు 15వ అధ్యాయంలో, అమాలేకీయులను పశువులతో సహా నాశనం చేయమన్న ఆజ్ఞ ఉన్నా సౌలు వారి రాజు అగగును, మంచి మంచి పశువులను బతకనిచ్చాడు. సమూయేలు నిలదీస్తే, పశువులను మిగిల్చింది జనులట. మిగతా వాటిని నాశనం చేసింది ‘మేము’ అట. చివరికి పాపం చేశానని ఒప్పుకున్నాడు, కానీ ఆ వెంటనే అడిగింది ఏమిటి? పెద్దల ఎదుట తన పరువు నిలపమని. ప్రవక్త నాతాను తన పాపాన్ని వేలెత్తి చూపినప్పుడు దావీదు ఇచ్చిన జవాబును 2 సమూయేలు 12లో పక్కపక్కనే పెట్టి చదవండి. అందులో షరతు ఏదీ లేదు.

ఒక మాట. అమాలేకీయులను పసిపిల్లలతో సహా హతం చేయమన్న ఆజ్ఞ ఈ అధ్యాయంలోనే ఉంది. యువకులు దాని గురించి తప్పకుండా అడుగుతారు. దాటవేయకండి, కసరకండి. విధేయత గురించి బోధించేవారు ఇబ్బందికరమైన ప్రశ్నకు ముఖం చాటేస్తే ఆ తర్వాత చెప్పేది ఎవరూ వినరు.

4. రాజు చుట్టూ ఎవరున్నారో చూడండి

సొలొమోను తర్వాత అతని కొడుకు రెహబాము రాజు కావలసి ఉండగా, షెకెములో జనం తండ్రి మోపిన బరువైన కాడిని తేలిక చేయమన్నారు. అతడు మూడు రోజుల గడువు అడిగి పెద్దలతోనూ, తనతో పెరిగిన యువకులతోనూ ఆలోచన చేశాడు. ‘కుర్రవాళ్ల మాట వినకూడదు’ అనే పాఠంతో దీన్ని ముగించేస్తారు చాలామంది. నాకది బద్ధకపు వ్యాఖ్యానం అనిపిస్తుంది. 1 రాజులు 14:21 ప్రకారం రెహబాము 41వ ఏట రాజయ్యాడు. అతనితో పెరిగినవారు కుర్రకారు ఎలా అవుతారు? 12:8 మళ్లీ చదవండి: రెండో బృందాన్ని అడగక ముందే పెద్దల మాట తోసిపుచ్చాడు. తనకు కావలసిన జవాబు దొరికేదాకా అడిగాడన్నమాట. దాని ఖరీదు, అతని ఏలుబడి నుంచి విడిపోయిన పది గోత్రాలు.

ఇశ్రాయేలు రాజు అహాబు మరో అడుగు ముందుకేశాడు. యుద్ధానికి వెళ్లబోతుంటే 400 మంది ప్రవక్తలు విజయం నీదేనన్నారు. మీకాయా అనే ప్రవక్త తన గురించి మంచి పలకడు కనుక అతడంటే తనకు పగ అని నోటితోనే చెప్పాడు (1 రాజులు 22). మీ కమిటీలో మీకాయా లాంటి మనిషి ఒక్కరైనా ఉన్నారా? లేకపోతే ముందు ఆ సంగతి చూడండి.

5. హెచ్చరిక అందినప్పుడు ఏం జరిగిందో పోల్చండి

2 రాజులు 22, యిర్మీయా 36. ఈ రెండూ ఒకే రోజున చదవాలి. మొదటిదానిలో శాస్త్రి షాఫాను ధర్మశాస్త్ర గ్రంథం చదివి వినిపించగానే యూదా రాజు యోషీయా బట్టలు చింపుకున్నాడు. రెండోదానిలో యోషీయా కొడుకు యెహోయాకీము తొమ్మిదో నెలలో, చలికాలపు ఇంట్లో కుంపటి ముందు కూర్చున్నాడు. ప్రవక్త యిర్మీయా చెప్పగా అతని లేఖకుడు బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహూది అనే అతను చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదివేసరికి ఆ మేరకు చాకుతో కోయడం, కుంపటిలో వేయడం. చుట్టంతా బూడిదయ్యేవరకూ అలాగే సాగింది. వద్దని బతిమాలిన ముగ్గురిలో షాఫాను కొడుకు గెమర్యా ఒకడు. తండ్రులిద్దరూ ఒకనాడు ఒకే గదిలో వణికారు; కొడుకుల కాలానికి రాజు వైపు వణుకు పోయింది. యిర్మీయా మళ్లీ అదంతా చెప్పి రాయించాడు, ఇంకా ఎన్నో మాటలు చేర్చి.

6. మీ పని హద్దు రాసుకోండి

యూదా రాజు ఉజ్జియా 16వ ఏట రాజై 52 ఏళ్లు ఏలాడు. బురుజులు కట్టించాడు, తొట్లు తవ్వించాడు, సైన్యాన్ని తీర్చిదిద్దాడు. అంత చేసిన రాజు యాజకుల పని కూడా తానే చేయబోయాడు. 80 మంది యాజకులు ఎదురు నిలిస్తే కోపగించుకున్నాడు. కుష్ఠు తగిలి, చనిపోయేదాకా ప్రత్యేకమైన ఇంట్లోనే ఉండిపోయాడు (2 దినవృత్తాంతములు 26). మీరు చేయవలసినవి కాక, చేయకూడనివి రాసుకోండి: లెక్కలు ఒక్కరే చూడటం, అన్ని ప్రసంగాలూ తామే చేయడం లాంటివి.

7. ఒక్క పుస్తకం చదివి తీర్పు చెప్పకండి

2 రాజులు 21లో యూదా రాజు మనష్షే 55 ఏళ్లు ఏలిన పరమ దుష్టుడు, అంతే. 2 దినవృత్తాంతములు 33లో అతడే బబులోనులో సంకెళ్లలో తగ్గించుకొని ప్రార్థించాడు, తిరిగి వచ్చి విగ్రహాలు తీసివేయించాడు. రెండూ చదివాక మాత్రమే చర్చ మొదలుపెట్టండి. ముగించేముందు అదే అధ్యాయంలో అతని కొడుకు ఆమోను గురించిన నాలుగైదు వచనాలు కూడా చదవండి. అతడు తండ్రి మొదట చేసినవన్నీ చేశాడు. తండ్రి చివర చేసింది మాత్రం చేయలేదు.