రక్తనాళాలకు మేలు చేసే కూరలు: సారం పోకుండా వండే పద్ధతి

రక్తంలో ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్టరాల్ ఎక్కువైతే అది రక్తనాళం గోడలోకి చేరి ఆక్సీకరణ చెందుతుంది, అంటే ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది. తెల్లరక్తకణాలు దాన్ని మింగి, కొవ్వుతో ఉబ్బి అక్కడే ఉండిపోతాయి. పూడిక ఇలా మొదలవుతుంది. మొక్కల్లోని కెరోటినాయిడ్లు (రంగునిచ్చే పదార్థాలు), పాలిఫినాల్స్ (మొక్కలు తయారుచేసుకునే మరో రకం రక్షక పదార్థాలు), విటమిన్ సి ఈ దశలో అడ్డుపడతాయని అంచనా. పాలిఫినాల్స్ రక్తంలోకి చేరేది కొద్దిగానే కాబట్టి, నాళం లోపలి పొర సరిగా పనిచేయడానికి తోడ్పడటమే వాటి అసలు మేలు కావచ్చు.

అలాగని ఈ పదార్థాల మాత్రలు కొనకండి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఒక కెరోటినాయిడ్) ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో తేలింది. 2000లో వెలువడిన హోప్ అధ్యయనంలో ఆక్సీకరణను అడ్డుకునే విటమిన్ ఇ రోజూ 400 యూనిట్లు వాడినా గుండెపోట్లు తగ్గలేదు. మేలు కనిపించేది కూరలూ పండ్లూ తినేవాళ్లలోనే.

ఎంత తినాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, 2000 కేలరీల భోజనానికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు చెప్పింది. ఇది పచ్చివాటి బరువు. ఆకుకూర కట్టలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కాబట్టి మొదటి వారం తూకం వేసి చూసుకోండి.

తోటకూర, పాలకూర కడిగాకే తరగండి. తరిగి నీళ్లలో వేస్తే విటమిన్ సి, పాలిఫినాల్స్ నీళ్లపాలవుతాయి. ఉడికించిన నీళ్లు పప్పులో పోయండి. మనిషికి ఒక టీస్పూను నూనె ఉండాలి, ఎందుకంటే కెరోటినాయిడ్లు కొవ్వు తోడు లేకుండా ఒంటికి సరిగా పట్టవు. టమాటాను నూనెలో మూతపెట్టి మెత్తబడేదాకా మగ్గిస్తే దాని ఎర్రరంగు కెరోటినాయిడ్ లైకోపిన్ పచ్చిదాంట్లో కంటే బాగా అందుతుంది. ఉల్లిలో క్వెర్సెటిన్ అనే పాలిఫినాల్ బయటి పొరల్లోనే ఎక్కువ, అందుకని ఎండు పొట్టు తీసి అక్కడితో ఆపండి. వెల్లుల్లిని దంచి 10 నిమిషాలు పక్కన పెట్టి, దించే ముందు వేయండి. దంచకుండా కాగే నూనెలో వేస్తే వెల్లుల్లికి ఘాటునిచ్చే అల్లిసిన్‌ను తయారుచేసే ఎంజైమ్ పని మొదలుపెట్టకముందే చెడిపోతుంది.

గోంగూర పచ్చడిని ఆకుకూర లెక్కలో వేసుకోకండి. అందులో ఆకు కంటే ఉప్పు బాధే ఎక్కువ. ఉప్పు పెరిగితే బీపీ పెరిగి అవే రక్తనాళాలు దెబ్బతింటాయి. రోజుకు అన్నిట్లో కలిపి 5 గ్రాములు దాటకూడదు. గోంగూర పప్పు చేసుకోండి, హాయిగా తినొచ్చు.

పూరీలు, గారెలు వేయించిన నూనెను మళ్లీ వేయించడానికి మూకుడులో కాచకండి. కాచిన కొద్దీ అది ఆక్సీకరణ చెందుతుంది. వడగట్టి ఒకట్రెండు రోజుల్లో పోపులకు వాడేయండి. నల్లబడినా, నురుగొచ్చినా పారేయాల్సిందే.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అసెనోకుమరాల్ మందులు వాడేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు. అయితే ప్రతి వారం ఒకే మోతాదులో తినాలి. ఒక్కసారిగా పెంచితే విటమిన్ కె వల్ల మందు పని తగ్గుతుంది, మానేస్తే రక్తస్రావం ముప్పు. మార్చాలనుకుంటే డాక్టరుకు చెప్పి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) చేయించుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్లకు పొటాషియం లెక్క వేరు, అది డాక్టరే చెప్పాలి. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసి ఉంటే, ఎన్ని కూరలు తిన్నా దాన్ని మాత్రం ఆపవద్దు.