ఉప్పు నీళ్లు వందకు ముందే మరుగుతున్నాయా?

ఇంటర్ పిల్లలతో ల్యాబ్‌లో ప్రయోగాలు చేయిస్తుంటే ఏటా ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: కిలో నీళ్లలో 58.5 గ్రాముల ఉప్పు కలిపి మరిగించాం. లెక్క ప్రకారం 101 డిగ్రీలు రావాలి. థర్మామీటర్ 99 దగ్గరే ఆగింది.

కారణం: పుస్తకంలో ఉన్న 100 సముద్ర మట్టం దగ్గరి సంఖ్య. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి మామూలు నీళ్లే 98 దాటగానే మరుగుతాయి. ఉప్పులాంటి అబాష్పశీల ద్రావితం, అంటే నీళ్లలో కరిగినా తను ఆవిరి కాని పదార్థం, నీటి బాష్పపీడనాన్ని (నీటి ఆవిరి కలిగించే పీడనాన్ని) తగ్గిస్తుంది. ఆ బాష్పపీడనం గాలి పీడనంతో సమానమైనప్పుడే నీళ్లు మరుగుతాయి, అందుకు ఇంకొంచెం వేడి కావాలి. ఆ పెరుగుదల అక్కడైనా ఇక్కడైనా దాదాపు ఒక డిగ్రీయే.

పరిష్కారం: ముందు అదే బీకరులో, అదే థర్మామీటర్‌తో ఉప్పు వేయని నీళ్లు మరిగించి రాసుకోండి. తర్వాత ఉప్పు నీళ్లు. రెండింటి తేడాయే మీ జవాబు. ఒకమ్మాయి 98.3, 99.3 అని చక్కగా చూసి కూడా, పుస్తకానికి భయపడి కొట్టేసి 101 వేసింది. నాకు చాలా బాధేసింది. ఆ కొట్టేసిన అంకెలే నిజం. రికార్డులో కంటితో చూసిందే రాయండి.

తేడా అసలే రాకపోతే థర్మామీటర్ బల్బు ఎక్కడుందో చూడండి. ఆవిరిలో ఉంటే దాని మీద నీటి బొట్లు పేరుకుని మామూలు నీళ్ల మరుగు స్థానమే చూపిస్తుంది. బల్బు ద్రావణంలో మునగాలి, అడుగుకు తగలకూడదు. తేడా అంతకంతకూ పెరుగుతుంటే నీళ్లు ఆవిరై ద్రావణం చిక్కబడుతోందన్నమాట. బాగా మరగడం మొదలైన వెంటనే రీడింగ్ తీసుకోండి.

కిలో నీళ్లలో ఉప్పుకు బదులు గ్లూకోజ్ ఒక మోల్ (కణాలను లెక్కపెట్టే కొలత), అంటే 180 గ్రాములు, వేస్తే అర డిగ్రీయే పెరిగిందా? తప్పేం లేదు. పైన వేసిన 58.5 గ్రాముల ఉప్పూ ఒక మోలే. ఉప్పు నీళ్లలో రెండు అయాన్లుగా విడిపోతుంది, గ్లూకోజ్ విడిపోదు. ఇక్కడ లెక్కకొచ్చేది కణాల సంఖ్యే.

సమస్య: ఇసుక, ఉప్పు కలిసిన మిశ్రమాన్ని నీళ్లలో కలిపి, వడపోసి, ఆ నీళ్లు ఆవిరి చేసి ఉప్పు వేరు చేశాం. దాని తూకం తగ్గింది.

కారణం, పరిష్కారం: వడపోత కాగితంలో మిగిలిన తడి ఇసుకను వేలితో నొక్కి చూడండి. ఆ తడి అంతా ఉప్పునీరే. కొద్దికొద్దిగా నీళ్లు పోసి రెండు మూడు సార్లు కడిగి, ఆ నీళ్లూ కలుపుకోండి. పింగాణీ గిన్నెలో చివరి తడి ఆరేటప్పుడు ఉప్పు చిటపటమని బయటికి ఎగురుతుంది. అప్పుడు మంట బాగా తగ్గించాలి.

తూకం పెరిగితే ఉప్పు ఇంకా ఆరలేదని అర్థం. లేదా బోరు నీళ్లు వాడి ఉంటారు. గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకునే లవణాలే మీ గిన్నెలోనూ మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ చేయండి.