నల్గొండ మిద్దె మీది నుంచి చంద్రుడిని, గ్రహాలను ఫొటో తీయడం ఎలా?

మధ్యాహ్నం పన్నెండింటికి లతీఫ్ సాహెబ్ గుట్టను చూడండి. బండలన్నీ కలిసిపోయి చదునుగా కనబడతాయి. అదే గుట్టను పొద్దు వాలాక చూస్తే ఒక్కో గుండు పక్కన దాని నీడ పడి, ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో తెలిసిపోతుంది. చంద్రుడి ఫొటోకు అసలు కిటుకు ఇదే. అక్కడున్నదీ ఎండ పడుతున్న బండే. పున్నమినాడు ఎండ దాదాపు మన వెనక నుంచి పడ్డట్టే ఉంటుంది కాబట్టి నీడలు కనబడవు. అందరూ ఫోన్ తీసే ఆ రోజే ఫొటో చప్పగా వస్తుంది.

కాబట్టి ముందు క్యాలెండర్ తీయండి. శుద్ధ సప్తమి నుంచి దశమి దాకా ఉన్న రాత్రులు చూసుకోండి. అష్టమినాడు పొద్దు గూకే సరికే చంద్రుడు చాలా ఎత్తున ఉంటాడు, అర్ధరాత్రి వరకు తీరిగ్గా తీయొచ్చు. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంతలు లోతుగా కనబడతాయి. అష్టమి, నవమి నాళ్లలో ఎపెనైన్ పర్వతాల వరుస, దశమికి కోపర్నికస్ అనే పెద్ద గుంత బాగా తెలుస్తాయి.

చీకటి కోసం ఊరు దాటి పోవాల్సిన పని లేదు. గడియారం సెంటర్ లైట్ల మధ్య కూడా చంద్రుడు, గురుడు దొరుకుతారు. కావాల్సింది నిలకడైన గాలి. పగలంతా కాగిన స్లాబు చీకటి పడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది, ఆ వేడికి చంద్రుడి అంచు నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. వీలైతే పెరట్లో మట్టి నేల మీద స్టాండు పెట్టండి, లేదా స్లాబు చల్లబడేదాకా ఆగండి. గుట్టల మీదికి పోయేవాళ్లు బూట్లు వేసుకోండి, లైటు పట్టుకోండి. తేళ్లు, పాములు తిరిగే చోటు.

ఫోన్ ఒక్కటే ఉంటే స్టాండుకు బిగించి, తెర మీద చంద్రుడిని వేలితో నొక్కి పట్టండి. తర్వాత వెలుగును కిందికి లాగుతూ పోండి. తెల్లటి బిళ్లలో మచ్చలు తేలే దాకా తగ్గించాలి. మూడు సెకన్ల టైమర్ పెడితే చెయ్యి తగిలి కదలదు.

కెమెరాకు 300 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే పని చాలా సులువు. ఆటో వద్దు. చుట్టూ ఉన్న నల్లటి ఆకాశాన్ని చూసి కెమెరా మోసపోతుంది. మాన్యువల్‌లో ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అంకె) 200, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) ఎఫ్/8 పెట్టి, షట్టర్ తెరుచుకునే సమయం అర్ధచంద్రుడికి సెకనులో 125వ వంతు, పున్నమికి 400వ వంతు దగ్గర మొదలుపెట్టండి. ఫోకస్ కూడా చేత్తోనే. తెర మీద చంద్రుడి అంచును పెద్దది చేసి చూస్తూ, గుంత గట్టు పదునుగా కనబడే దాకా తిప్పండి. దీనికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. ఫోకస్ తప్పిన ఫొటోను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

గ్రహాల సంగతి వేరు. శని వలయాలు ఈ లెన్స్‌కు అందవు, చిన్న టెలిస్కోప్ కావాలి. దాని కంటి కటకానికి అడాప్టర్‌తో ఫోన్ బిగించి, ఫొటో కాకుండా ఒక నిమిషం వీడియో తీయండి. గాలి కదలికకు కొన్ని ఫ్రేములు చెదిరిపోతాయి, కొన్ని నిలుస్తాయి. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగున్న ఫ్రేములను ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. గురుడి వీడియో మరీ పొడుగు వద్దు, అది పది గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంది, దాని మీది పట్టీలు అలుక్కుపోతాయి.

టెలిస్కోప్ లేకపోయినా గురుడి నాలుగు చందమామలు మాత్రం మీవే. 1610లో గెలీలియో చూసినవి అవే. అదే 300 లెన్స్‌తో ఐఎస్ఓ 1600, ఎఫ్/5.6, పావు సెకను పెట్టండి. గురుడు తెల్లబారినా పక్కన చుక్కలు వరుసగా పడతాయి. తేదీ, టైం నోటుబుక్‌లో రాసుకుని, మర్నాడు అదే వేళకు అదే సెట్టింగ్‌తో మళ్లీ తీయండి. ఆ నాలుగింటిలో ఒకటైన అయో సుమారు 42 గంటల్లో గురుడిని చుట్టి వస్తుంది. రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే చుక్కలు చోటు మారినట్టు కనబడుతుంది.