చింక్వే తెర్రే వెళ్లే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

చింక్వే తెర్రే అంటే ఇటలీ సముద్రపు ఒడ్డున కొండకి అతుక్కున్న ఐదు ఊళ్లు, వాటి పైన ద్రాక్షతోటలు. ఫొటోల్లో చూసి చెప్పులేసుకుని బయల్దేరకండి.

ముందు కాళ్ల సంగతి. గట్టి పట్టున్న బూట్లు ఉండాల్సిందే, కొండదారుల్లో హవాయి చెప్పులతో దొరికితే 50 యూరోల నుంచి 2500 యూరోల దాకా జరిమానా వేస్తారు.

పెద్ద సూట్‌కేసు పక్కనున్న లా స్పెజియా పట్నంలోనే వదిలేయండి. ఐదూళ్లలో ఒకటైన కొర్నీలియాలో స్టేషన్ నుంచి ఊళ్లోకి దాదాపు 380 మెట్లు, పెద్దవాళ్లుంటే బస్సు చూసుకోండి.

కాగితం రైలు టికెట్‌ని ఎక్కేముందే ప్లాట్‌ఫాం మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, మర్చిపోతే ఫైన్.

వాతావరణం తప్పకుండా చూడండి. 2011 అక్టోబర్ 25న వచ్చిన వరద వెర్నాత్సా, మోంతెరోస్సో అనే రెండు ఊళ్ల వీధుల్ని బురదతో నింపేసింది, అందుకే వాన హెచ్చరిక ఉంటే దారులు మూసేస్తారు, మూసిన గేటు దాటి వెళ్లొద్దు.

తోటల్లో మాత్రం దయచేసి ఒళ్లు దగ్గర పెట్టుకోండి. అక్కడ మట్టిని ఆపే గోడలు సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చినవి, సెల్ఫీ కోసం ఎక్కితే ఒక్క రాయి జారినా పైనున్న మట్టి అంతా కిందికొస్తుంది, తరాలుగా వాటిని నిలబెడుతున్నది అక్కడి రైతులే. గుత్తి కోయకండి. సెప్టెంబర్‌లో కోత సమయం, ఒకే రైలు పట్టా మీద నడిచే చిన్న బండిలో ద్రాక్ష దిగుతుంటే పక్కకి తప్పుకోండి.

అక్కడి షక్కెట్రా వైన్ ఎండబెట్టిన ద్రాక్షతో చేస్తారు, తియ్యగా ఉంటుంది కదా అని గబగబా తాగొద్దు, నడక పూర్తయ్యాకే, అదీ చిన్న గ్లాసు.